తుక్కు కింద అమ్మే కంప్యూటర్లలో పల్లె వాటా ఎంత?

మన భూమి రికార్డు కంప్యూటర్లో ఉంది. పంట నమోదు కంప్యూటర్లో ఉంది. పీఎం కిసాన్ డబ్బు, పంట రుణం, ముసలి తల్లికి రావాల్సిన పింఛను, బిడ్డ స్కాలర్‌షిప్, ఆ బిడ్డ హాల్ టికెట్ అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. లేనిదల్లా మన ఇంట్లో కంప్యూటర్. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు లెక్క ప్రకారం దేశంలోని పల్లెల్లో 4.4 శాతం ఇళ్లలోనే కంప్యూటర్ ఉంది. పట్నాల్లో అది 23.4 శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనైతే వంద ఇళ్లకు రెండిళ్లలో కూడా లేదు. ఆ తర్వాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. కంప్యూటర్లు మాత్రం రాలేదు. ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, ఎవరి ఊరి సంగతి వాళ్లకే తెలుస్తుంది.

ఇది ఒక పక్క. రెండో పక్క చూద్దాం. కలెక్టరేట్లలో, విశ్వవిద్యాలయాల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో నాలుగైదేళ్లు, మహా అయితే ఏడెనిమిదేళ్లు వాడిన కంప్యూటర్లను తీసేస్తున్నారు. వాటిని స్టోరు గదిలో గుట్టగా పోసి, దుమ్ము పట్టించి, చివరికి 'పనికిరాని సామాను' అని రాసి తుక్కు వేలంలో పెడుతున్నారు. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన బీరువాలతో కలిపి ఒక లాటుగా కొట్టేస్తున్నారు. అందులో కొన్ని మిషన్లు స్విచ్ వేస్తే నడిచేవే. మన రైతు బిడ్డ కొత్త మిషన్ ఒకటి కొనాలంటే బజారులో ముప్పై వేలు, నలభై వేలు పెట్టాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు మన పంట గురించే అన్నారనుకున్నాం. ఇప్పుడు ప్రభుత్వ కంప్యూటర్లకూ అదే వర్తిస్తోంది.

ప్రజల పన్నులతో కొన్న, ఇంకా నడుస్తున్న కంప్యూటర్‌ను తుక్కు కింద అమ్మే ముందు దాన్ని బాగుచేసి పేద ఇంటికి ఇవ్వాలి. ఇది మన సంఘం పెట్టాల్సిన డిమాండ్. దీన్ని దానంగా అడగడం లేదు. మన పనులన్నిటినీ తెర మీదికి ఎక్కించిన ప్రభుత్వం ఆ తెరను మనకు అందుబాటులో ఉంచడం దాని బాధ్యత.

"ఫోన్ ఉంది కదా" అనేవాళ్లకు

ఈ మాట ఎత్తగానే అధికారులు చెప్పే మొదటి జవాబు, "ఇప్పుడు అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి కదండీ, ఇంక కంప్యూటర్ ఎందుకు?" అని. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే.

ఫోన్‌లో వీడియో చూడొచ్చు, డబ్బు పంపొచ్చు, కబురు చెప్పొచ్చు. కాని పహాణీలోని గళ్లన్నీ ఒకేసారి చూసి, పాత పహాణీతో పక్కపక్కన పెట్టి, ఏ సర్వే నంబరు ముక్క ఎక్కడ తప్పిపోయిందో పట్టుకోవాలంటే నాలుగంగుళాల వెడల్పు లేని తెర మీద ఎవరివల్ల అవుతుంది? తహసీల్దారుకు రెండు పేజీల అర్జీ తెలుగులో టైపు చేయాలంటే? కోర్టులో వేయాల్సిన కాగితాలను వరుసగా స్కాన్ చేసి ఒక ఫైలుగా కట్టాలంటే? ఈఏపీసెట్ మార్కులొచ్చిన పిల్ల వంద కాలేజీల పేర్లు వరుస తప్పకుండా వెబ్ ఆప్షన్లలో పెట్టాలంటే? ఫోన్‌లో వేలు ఒక్క వరస పక్కకు జారితే నాలుగేళ్ల చదువు వేరే ఊళ్లో పడుతుంది. ఇవన్నీ ఇంజినీర్లు ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చొని తయారుచేసిన పనులు. వాటిని చేయాల్సినవాడికి మాత్రం ఫోన్ చాలంటున్నారు.

పైగా ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది? మగాడి జేబులో. ఆయన చేలో ఉంటే ఓటీపీ చేలోకి పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 21 మంది, తెలంగాణలో 26 మంది. ఇది పట్నం, పల్లె కలిపిన లెక్క. వ్యవసాయంలో ఎంతో పని చేసేది ఆడవాళ్లే అయినప్పుడు, వాళ్లను తెరకు ఇంత దూరంగా ఉంచి 'డిజిటల్ వ్యవసాయం' అని ఎవరి గురించి మాట్లాడుతున్నారు?

కరోనా కాలం గుర్తుకు తెచ్చుకోండి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి బళ్లు తెరవకుండానే దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. ప్రైవేటు కాలేజీలు ఆన్‌లైన్ తరగతులు పెట్టాయి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే ఒకరికి పాఠం, ఒకరికి పస్తు. చాలా ఇళ్లలో పస్తుండింది ఆడపిల్లే. చెట్టెక్కి, మిద్దెక్కి సిగ్నల్ వెతుక్కున్న పిల్లల ఫొటోలను పత్రికలు వేశాయి. ఆ ఫొటోలు చూసి అందరం అయ్యో అన్నాం. కరోనా పోయింది. ఆన్‌లైన్ మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది.

కాయకష్టం మనది, తెర ఇంకొకరిది

2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. అంతకు నెల ముందే గ్రామంలోని వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. వీఆర్వోలందరూ మంచివాళ్లని మనం అనడం లేదు, వాళ్ల చేతివాటం మనకు తెలియనిది కాదు. కాని వీఆర్వో తప్పు రాస్తే నిలదీసి అడగడానికి ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. పోర్టల్ తప్పు రాస్తే అడగడానికి ఎవరూ లేకుండా పోయారు. సవరణ కోసం టీఎం-33 పెట్టుకో అన్నారు. టీఎం-33 అంటే ఏమిటో రైతుకు తెలియదు, ఎవరు పెట్టాలో తెలియదు. మీసేవకు పోయి, డబ్బు కట్టి, నెలల తరబడి ఎదురుచూస్తే చివరికి 'తిరస్కరించబడింది' అని ఒక్క ముక్క వచ్చేది. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారింది, చట్టం మారింది, అప్పీలు చేసుకునే దారి పెట్టారు. అది మంచిదే. కాని అర్జీ పెట్టాలంటే నేటికీ మనం ఇంకొకరి కంప్యూటర్ ముందు చేతులు కట్టుకొని నిలబడాల్సిందే.

2025 పత్తి సీజన్‌లో సీసీఐ వాళ్లు కపాస్ కిసాన్ యాప్ తెచ్చారు. పేరు నమోదు చేసుకొని స్లాట్ బుక్ చేసుకుంటేనే కొనుగోలు కేంద్రంలోకి బండి రానిస్తామన్నారు. క్వింటాలుకు మద్దతు ధర మధ్యరకం పత్తికి 7710 రూపాయలు, పొడవు పింజకు 8110. కాగితం మీద బాగానే ఉంది. స్లాట్ దొరకని రైతు, స్లాట్ దొరికినా ఆ రోజుకు పత్తి ఆరని రైతు ఏం చేయాలి? తేమ 12 శాతం దాటితే సీసీఐ తీసుకోదు, స్లాట్ దాటితే యాప్ ఒప్పుకోదు. వాన యాప్‌ను అడిగి కురవదు కదా! చివరికి ఆ పత్తి దళారీ చెప్పిన ధరకు పోతుంది. క్వింటాలుకు వెయ్యి పోయినా, పదిహేను వందలు పోయినా పోయేది మనకే.

పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ, రైతు రిజిస్ట్రీలో పదకొండు అంకెల నంబరు, ఆంధ్రలో ఈ-పంట నమోదు, బీమాకు ఒక పోర్టల్, ఫిర్యాదుకు మరో పోర్టల్. ప్రతి దానికీ మనం నెట్ సెంటరుకు పోవాలి. అక్కడ ఫీజు, ఆటో చార్జీ, ఒక రోజు కూలి పోతాయి. సర్వర్ డౌన్ అయితే మళ్లీ మరునాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, పథకం వచ్చినా తెర దగ్గర ఆగిపోతోంది. మన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, ఓటీపీ అన్నీ ముక్కూముఖం తెలియని మనిషికి చెప్పి, ఆయన ఏం కొట్టాడో తెలియకుండా 'సరే' అని వేలిముద్ర వేసి వస్తున్నాం. వడ్డీ వ్యాపారి రాసిన నోటు మీద మన తాతలు వేసిన వేలిముద్రకూ దీనికీ తేడా ఏముంది?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కేవైసీ చేయించుకోలేక పడుతున్న కష్టాల మీద వచ్చిన కేసు అది. డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. పల్లెలనూ, పేదలనూ కూడా ఆ సందర్భంలో ప్రస్తావించింది. హక్కు అన్నాక దానికి సాధనం కూడా ఉండాలి. రోడ్డు వేయకుండా నడిచే హక్కు ఉందంటే సరిపోదు.

తుక్కు అంటున్నది నిజంగా తుక్కేనా?

కంప్యూటర్ అనగానే అదేదో మనకు తెలియని మంత్రపుపెట్టె అనుకోవద్దు. పంపుసెట్టు మోటారు కాలితే పారేస్తామా? వైండింగ్ చేయిస్తాం, బేరింగు మారుస్తాం, మళ్లీ పదేళ్లు నడుస్తుంది. ట్రాక్టరు ఇంజన్ బోరు చేయిస్తాం. ఆఫీసు కంప్యూటర్ కూడా అంతే. ఏడెనిమిదేళ్ల మిషన్ నెమ్మదిగా నడుస్తోందంటే చాలాసార్లు జబ్బు హార్డ్ డిస్కులో ఉంటుంది. ఆ తిరిగే పాత డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు పెట్టి, ర్యామ్ కొంచెం పెంచి, లోపలి దుమ్ము దులిపి, ఫ్యాను శుభ్రం చేసి, ఎండిపోయిన పేస్టు మార్చితే అది మళ్లీ పరుగెత్తుతుంది. కొత్త మిషన్ ధరలో చిన్న వంతుతో అయ్యే పని ఇది. పదో తరగతి పాసైన కుర్రాడు రెండు మూడు నెలల్లో నేర్చుకోగలడు.

ఇప్పుడు ఇంకో సంగతి జరుగుతోంది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కు మద్దతు ముగించింది. విండోస్ 11కు మారమంటోంది. అది ఎక్కాలంటే మిషన్లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా ఇటీవలిదై ఉండాలి. సుమారుగా 2017కు ముందు తయారైన ఇంటెల్ మిషన్లు చాలావరకు ఆ కంపెనీ జాబితాలో లేవు. అంటే మిషన్ బాగానే ఉంది, మోటారు తిరుగుతోంది, కంపెనీ మాత్రం 'దీన్ని ఇక పారేయండి' అంటోంది. ఆఫీసులన్నీ ఇప్పుడు ఇలాంటి మిషన్లను బయట పడేసే పనిలో ఉంటాయి. మనం మేల్కొనాల్సిన సమయం ఇదే. రెండేళ్లు ఆలస్యమైతే అవన్నీ ముక్కలై కరిగిపోతాయి.

ఈ కథ మనకు కొత్తది కాదు. ఒకప్పుడు గాదెలో దాచుకున్న విత్తనం మళ్లీ చల్లుకునేవాళ్లం. హైబ్రిడ్ వచ్చాక ప్రతి ఏడూ కంపెనీ ప్యాకెట్ కొనాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే వ్యాపారం. అక్కడ కూడా సొంత విత్తనం లాంటిది ఒకటి ఉంది. దాని పేరు లినక్స్. ఎవరైనా వాడుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు, తెలిసినవాళ్లు బాగుచేసుకోవచ్చు, కంపెనీకి పైసా కట్టనక్కరలేదు. పాత మిషన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 'బాస్' అనే పేరుతో తెలుగుతో సహా భారతీయ భాషల్లో పనిచేసే లినక్స్ తయారుచేసింది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు ఏళ్ల తరబడి తెలుగులో కంప్యూటర్ నడిచేలా కృషి చేశారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే చదువుకుంటున్నారు, అక్కడి 'కైట్' సంస్థ బడుల కోసం సొంత ఆపరేటింగ్ సిస్టమే తయారుచేసి ఇస్తోంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

చట్టం అడ్డమా అంటే అదీ లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం పెద్ద సంస్థలు తమ పాత ఎలక్ట్రానిక్ సామానును నమోదైన ఉత్పత్తిదారుకో, మరమ్మతు చేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారికో, కరిగించేవారికో ఇవ్వాలి. అంటే మరమ్మతు చేసేవారిని చట్టమే గుర్తించింది. కరిగించే ముందు బాగుచేయడం ఎక్కడా నేరం కాదు. ప్రపంచంలో 2022 ఒక్క ఏడాదిలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని, అందులో నాలుగో వంతు కూడా సరైన పద్ధతిలో శుద్ధి కాలేదని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ఆ చెత్తను తీగలు కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగి, బంగారం తీసే పనిలో పొగ మింగేది ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్ల ఉన్న పేదలే. వాళ్లలో పల్లె నుంచి వలసపోయిన మనవాళ్లూ ఉంటారు.

"గిట్టుబాటు ధర అడగాల్సిన సంఘానికి కంప్యూటర్లెందుకు?"

ఈ ప్రశ్న బయటివాళ్లది కాదు. మన కమిటీల్లోనే, మన సభల్లోనే వినిపిస్తోంది. అడుగుతున్న సాథీలు తక్కువవాళ్లు కాదు, దశాబ్దాలుగా జెండా మోసినవాళ్లు. అందుకని సూటిగా జవాబు చెప్పుకోవాలి.

గిట్టుబాటు ధర కోసమే కంప్యూటర్ కావాలి. స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చు మీద యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. ఆ ఖర్చు సీ2 కావాలని, అంటే సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపిన పూర్తి ఖర్చు కావాలని మనం అడుగుతున్నాం. ప్రభుత్వం ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అనే చిన్న లెక్క పట్టుకొని, దానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చాం కదా అంటోంది. 2025-26లో మధ్యరకం పత్తికి ప్రభుత్వం చూపిన ఖర్చు క్వింటాలుకు 5140 రూపాయలు, దానికి ఒకటిన్నర రెట్లే 7710. మన ఖర్చు 5140యేనా? కాదని మనందరికీ తెలుసు. కాని చేతిలో లెక్క ఉందా? విత్తనం, ఎరువు, మందు, దున్నకం, కలుపు కూలి, ఏరుడు కూలి, బండి కిరాయి, వడ్డీ, ఇంటి మనుషుల పని దినాలు, ఇవన్నీ ఊరికి ఇరవై కుటుంబాల దగ్గర తేదీలతో సహా రాసి, కూడి, జిల్లా మొత్తానికి సగటు తీస్తే అప్పుడు ధరల కమిషన్ ముందు మన మాటకు పళ్లుంటాయి. ఆ పని చిత్తు పుస్తకంలో మొదలుకావొచ్చు. అయితే వెయ్యి కుటుంబాల లెక్క చిత్తు పుస్తకంలో ముగియదు. ఒక కంప్యూటర్, ఒక లెక్కల పట్టిక, ఇంటర్ చదివిన ఒక పిల్ల ఉంటే ఊరి లెక్క తేలుతుంది. వాళ్లు తెర మీద లెక్క చూపించి మనను ఓడిస్తున్నారు. తెర మీదే జవాబు చెప్పాలి.

ఇంకో మాట. బాగుచేసుకునే హక్కు రైతు ఉద్యమం నుంచి విడిపోయినది కాదు. అమెరికాలో రైతులు తమ ట్రాక్టర్లను తామే బాగుచేసుకోనివ్వడం లేదని, సాఫ్ట్‌వేర్ తాళం వేసి డీలరు దగ్గరికే రమ్మంటున్నారని ఏళ్లుగా జాన్ డీర్ కంపెనీ మీద పోరాడుతున్నారు. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ వాణిజ్య కమిషనే ఆ కంపెనీ మీద కోర్టుకు పోయింది. మన దేశంలో కూడా 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పనిముట్లను, మొబైల్ ఫోన్లను ముందు వరసలో పెట్టింది. రేపు మన ట్రాక్టరుకూ, డ్రోనుకూ, డ్రిప్పు పెట్టెకూ ఇదే తాళం పడుతుంది. పాత కంప్యూటర్ విప్పి బాగుచేయడం నేర్చిన పిల్లలు ఊళ్లో ఉంటే రేపు ఆ తాళం ముందు మనం వెర్రిమొహం వేసుకొని నిలబడం.

దానం పేరుతో చెత్త దింపితే ఒప్పుకోం

ఇక్కడ జాగ్రత్త కావాలి. మంచి మాట వెనకాల మోసం వస్తుందని మన అనుభవం. కల్తీ విత్తనం కూడా మంచి సంచిలోనే వస్తుంది. వేడుక పెట్టి, ఫ్లెక్సీ కట్టి, నాయకుడు ఫొటో దిగి, పదిహేనేళ్ల నాటి నడవని డబ్బాలు ఇచ్చి పోతే అది సాయం కాదు. వాళ్ల గోడౌన్ ఖాళీ చేసుకోవడానికి మన ఊరిని వాడుకోవడం అది. పాత లావు మానిటర్లలో సీసం ఉంటుంది, ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీ అంటుకుంటుంది. ధనిక దేశాలు 'వాడిన వస్తువుల' పేరుతో తమ చెత్తను ఆఫ్రికా, ఆసియా పేదల మీదికి దింపుతుంటేనే 1989లో బాసెల్ ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఆ కథ మన మండలాల్లో జరగకూడదు.

మిషన్ ఇచ్చి చేతులు దులుపుకున్నా లాభం లేదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పిల్లలకు ఎనిమిది లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన పరిశీలనలో లెక్కల్లో, భాషలో ఆ పిల్లల చదువు మెరుగుపడిన జాడ కనిపించలేదు. నేర్పేవాళ్లు లేకుండా ఇచ్చిన పెట్టె చదువు చెప్పదు. దీనికి తిరగేసిన తప్పు మన దేశంలో జరిగింది. 2017లో మొదలైన పీఎంజీదిశ పథకంలో ఇంటికి ఒకరికి ఇరవై గంటల కంప్యూటర్ శిక్షణ అని 6 కోట్ల గ్రామీణ కుటుంబాలను లక్ష్యంగా పెట్టుకున్నారు. లక్ష్యం దాటామని కూడా చెప్పుకున్నారు. శిక్షణ అయ్యాక ఇంటికొచ్చి దేని మీద అభ్యాసం చేయాలి? బండి లేనివాడికి బండి తోలడం నేర్పినట్టయింది. నేర్పడం, మిషన్, బాగుచేసే మనిషి, నెట్ కనెక్షన్ నాలుగూ కలిసి రావాలి. గ్రామపంచాయతీలకు కేబుల్ వేసే పనికి కేంద్ర మంత్రివర్గం 2011లోనే ఆమోదం చెప్పింది. తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆ కేబుల్ మీ పంచాయతీలో పనిచేస్తోందో, ఎలుకలు కొరికి పడి ఉందో వెళ్లి చూడండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. "మీకు కంప్యూటర్లు ఇచ్చాం కదా, ఇక ఆఫీసుకు రావొద్దు, అన్నీ ఆన్‌లైన్‌లోనే చేసుకోండి" అని కౌంటర్లు మూసేయడం. దీన్ని ఒక్క క్షణం కూడా ఒప్పుకోకూడదు. చదువురాని రైతు, చూపు మందగించిన తల్లి, వేలిముద్ర అరిగిపోయిన కూలీ కాగితం మీద అర్జీ ఇస్తే తీసుకొని రసీదు ఇవ్వాల్సిందే. పోర్టల్‌లో పేరే లేని కౌలు రైతుకు పది కంప్యూటర్లు ఇచ్చినా లాభం లేదు, ఆయనకు ముందు కావాల్సింది కౌలుదారుగా గుర్తింపు. కంప్యూటర్ ఈ పోరాటాల్లో ఒక పనిముట్టు మాత్రమే. పనిముట్టు లేకుండా మాత్రం పని జరగదు.

మన డిమాండ్లు

ఒకటి. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ రంగ సంస్థలు పాత కంప్యూటర్లను వేలం వేసే ముందు పరీక్ష చేయించాలి. నడిచేవాటిని, బాగుపడేవాటిని పక్కన పెట్టాలి. నిజంగా పాడైనవే నమోదైన రీసైక్లర్‌కు పోవాలి.

రెండు. జిల్లాకొక మరమ్మతు కేంద్రం ఐటీఐలో గాని, పాలిటెక్నిక్‌లో గాని పెట్టాలి. అక్కడ పనిచేసే గ్రామీణ యువతకు ఉత్త సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపకుండా జీతం ఇవ్వాలి. పాత డిస్కుల్లోని ప్రజల సమాచారం పూర్తిగా చెరిపేయాలి.

మూడు. ఐటీ కంపెనీలు కూడా ఇందులో చేరాలి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు ఊళ్లే. ఆ నేల మీద లేచిన అద్దాల మేడల్లో మూడు నాలుగేళ్లకు మార్చే ల్యాప్‌టాప్‌ల మీద పల్లెకు వాటా ఉంది. కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాల్సిన పెద్ద కంపెనీలు, మరమ్మతు ఖర్చు కూడా భరించాలి.

నాలుగు. ఎవరికివ్వాలో గ్రామసభ నిర్ణయించాలి. జాబితా పంచాయతీ గోడ మీద అతికించాలి. చదువుకుంటున్న పిల్లలున్న కూలీ కుటుంబాలు, కౌలు రైతులు, ఒంటరి మహిళలు, ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలు ముందు వరసలో ఉండాలి. ఇంటికొకటి చాలకపోతే ఊరి గ్రంథాలయంలో పెట్టి, సాయంత్రాలు ఆడవాళ్లకు, పిల్లలకు వేళలు కేటాయించాలి.

ఐదు. ఇచ్చే ప్రతి మిషన్‌లో తెలుగు అక్షరాలు, తెలుగు కీబోర్డు పనిచేయాలి. ఏడాది గ్యారంటీ ఉండాలి. పాడైతే మండల కేంద్రంలో ఉచితంగా బాగుచేయాలి. చివరికి పనికిరాకుండా పోయినప్పుడు తిరిగి తీసుకుపోయే బాధ్యత కూడా ఇచ్చినవాళ్లదే.

ఆరు. ప్రతి ప్రభుత్వ సేవకూ కాగితం దారి తెరిచే ఉండాలి. యాప్ లేదని, స్లాట్ లేదని ఏ రైతు పంటనూ కొనుగోలు కేంద్రం నుంచి తిప్పి పంపకూడదు.

ఏడు. దీనికయ్యే ఖర్చు వ్యవసాయ బడ్జెట్‌లో కోత పెట్టి తేకూడదు. ఐటీ శాఖ బడ్జెట్ నుంచి రావాలి.

గ్రామ కమిటీలు ఇప్పుడే చేయాల్సిన పని

డిమాండ్ పత్రం ఇచ్చి ఊరుకుంటే అది కూడా తుక్కులోకే పోతుంది. చేతిలో లెక్క ఉండాలి. 2005 సమాచార హక్కు చట్టం మనకు ఆ దారి ఇచ్చింది. ప్రతి మండల కమిటీ తమ జిల్లాలోని కనీసం మూడు కార్యాలయాలకు దరఖాస్తు పెట్టాలి. అడగాల్సినవి ఇవి: గత ఐదేళ్లలో మీ కార్యాలయం ఎన్ని కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు తీసేసింది? ఒక్కొక్కటి ఏ సంవత్సరం కొన్నది? వాటిని పనికిరానివని ఎవరు, ఏ పరీక్ష చేసి నిర్ణయించారు? ఎవరికి, ఎంతకు అమ్మారు? ఇప్పుడు స్టోరులో ఎన్ని ఉన్నాయి? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వడం వాళ్ల విధి. ఇవ్వకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి.

రెండో పని, ఊరి సర్వే. ఎన్ని ఇళ్లలో కంప్యూటర్ ఉంది, పై చదువులు చదివే పిల్లలు ఎందరు, గత ఏడాది నెట్ సెంటర్లకు, మీసేవలకు ఒక్కో ఇల్లు ఎంత డబ్బు, ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుంది, ఏ దరఖాస్తు ఎందుకు తిరస్కరించారు, ఈ నాలుగు ప్రశ్నలు చాలు. ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలను ఈ పనిలో పెట్టండి. జిల్లా ఎంత తుక్కు కింద అమ్మిందో ఒక కాగితం, మన ఊరు ఎంత పోగొట్టుకుందో ఇంకో కాగితం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ప్రజావాణిలో కలెక్టరు బల్ల మీద ఉంచుదాం, పత్రికలకు ఇద్దాం, ఎమ్మెల్యేను నిలబెట్టి అడుగుదాం.

అంగన్‌వాడీ భవనం, ఊరికి బస్సు, బోరుకు కరెంటు కనెక్షన్, ఇవేవీ అడక్కుండా మనకు రాలేదు. వేలం నోటీసు పడకముందే అడిగితే ఈ మిషన్లు మన పిల్లల చేతుల్లో ఉంటాయి. లారీ ఎక్కాక అడిగితే మిగిలేది పాత ఇనుము తూకం చీటీ మాత్రమే. సమాచార హక్కు దరఖాస్తుల నకళ్లు, ఊరి సర్వే లెక్కలు వచ్చే నెలాఖరులోగా జిల్లా ఆఫీసుకు చేర్చండి. ఏ జిల్లా ఎంత అమ్ముకుందో వచ్చిన లెక్కలను వచ్చినట్టే ఈ పత్రికలో వేస్తాం.